బ్యాచ్ ఫైలు నా దగ్గర నడుస్తోంది, పక్క సీటులో నడవడం లేదు

ప్రశ్న: రాణీగంజ్‌లో పంపుల విడిభాగాల హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తుంటాను. రోజూ సాయంత్రం బిల్లుల ఫైళ్లను కాపీ చేసి, పాతవాటిని తొలగించే చిన్న బ్యాచ్ ఫైలు (కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాలను వరుసగా రాసిన ఫైలు) రాసి, సర్వరులోని షేర్డ్ ఫోల్డరులో ఉంచాను. నా కంప్యూటరులో బాగానే నడుస్తుంది. పక్క సీట్లవారు డబుల్ క్లిక్ చేస్తే మాత్రం నల్లటి విండో క్షణం సేపు కనిపించి మాయమవుతోంది, ఒక్క ఫైలూ కాపీ కావడం లేదు. అడ్మినిస్ట్రేటరుగా నడిపించినా ఇదే పరిస్థితి. ఎందుకంటారు?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీ కంప్యూటరులో ఆ షేర్డ్ ఫోల్డరుకు ఎస్ అనో, టి అనో ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి ఉంటారు, మిగతావారు సర్వరు పేరు మీద నొక్కి నేరుగా ఆ ఫోల్డరులోకి వెళ్తూ ఉంటారు. మీరు చెప్పిన లక్షణాలన్నీ దీనికే సరిపోతున్నాయి. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలై, సర్వరు పేరు, షేర్ పేరు వరుసగా వచ్చే చిరునామాను యుఎన్‌సి పాత్ అంటారు. బ్యాచ్ ఫైళ్లను నడిపే సీఎండీ ప్రోగ్రాం ఇలాంటి చిరునామాను తన ప్రస్తుత ఫోల్డరుగా, అంటే తాను పనిచేసే చోటుగా అంగీకరించదు. ఆ సంగతి మూడు వరుసల్లో చెప్పి, సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డరుకు మారిపోయి, అక్కడినుంచి మీ ఆదేశాలను అమలు చేయడం మొదలుపెడుతుంది. మీరు ఫైలులో 'బిల్లులు' అని ఫోల్డరు పేరు మాత్రమే రాసి ఉంటే, దాన్ని విండోస్ ఫోల్డరులో వెతికి, దొరకలేదని చెప్పి ముగిస్తుంది. విండో వెంటనే మూసుకుపోవడం వల్ల ఆ హెచ్చరికను ఎవరూ చదవలేకపోతున్నారు. ఫైలు మొదట్లో సీడీ అని ఒక్క మాట, చివర్లో పాజ్ అని ఒక్క మాట విడివిడి వరుసల్లో రాసి నడిపించండి. ప్రస్తుత ఫోల్డరు ఏదో తెరమీదే కనిపిస్తుంది.

అడ్మినిస్ట్రేటరుగా నడిపితే పరిస్థితి ఇంకా చెడుతుంది. అప్పుడు ప్రస్తుత ఫోల్డరు సిస్టం32, అంటే విండోస్ సొంత ఫైళ్లుండే ఫోల్డరు అవుతుంది. పైగా మామూలు లాగిన్‌లో కేటాయించిన డ్రైవ్ అక్షరాలు అక్కడ సాధారణంగా కనిపించవు. మీ ఫైలులో తొలగించే ఆదేశం ఉందన్నారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను, దాన్ని సరిచేసేదాకా ఎవరినీ అడ్మినిస్ట్రేటరుగా నడపనివ్వకండి. నక్షత్రం గుర్తుతో రాసిన డెల్ ఆదేశం నడిచేటప్పుడు ప్రస్తుత ఫోల్డరు ఏదైతే అందులోని ఫైళ్లనే తుడిచేస్తుంది, అవి మీ బిల్లులా, విండోస్‌వా అని చూడదు.

బ్యాచ్ ఫైలు తాను ఎక్కడ ఉందో తానే తెలుసుకుని అక్కడికి వెళ్లేలా రాయడమే దీనికి సరైన పరిష్కారం. శాతం గుర్తు, టిల్డా, డి, పి, సున్నా, ఈ అయిదింటినీ ఖాళీ లేకుండా కలిపి రాస్తే ఆ బ్యాచ్ ఫైలు ఉన్న ఫోల్డరు పూర్తి చిరునామా వస్తుంది. మొదటి వరుసలో పుష్‌డి అని రాసి, దాని పక్కన ఈ సంకేతాన్ని డబుల్ కోట్స్ మధ్య ఉంచండి. పుష్‌డికి యుఎన్‌సి పాత్ ఇస్తే అది జెడ్ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ఖాళీగా ఉన్న డ్రైవ్ అక్షరాన్ని తాత్కాలికంగా ఆ షేర్‌కు ఇచ్చి, నేరుగా ఆ ఫోల్డరులోకి వెళ్తుంది. చివర్లో పాప్‌డి రాస్తే ఆ అక్షరం తిరిగి ఖాళీ అవుతుంది. మధ్యలో ఎవరైనా విండో మూసేస్తే జెడ్ డ్రైవ్ అలాగే మిగిలిపోయి, తరవాతిసారి వై వస్తుంది. అలా పోగైనవాటిని నెట్ యూజ్ ఆదేశంతో తీసేయవచ్చు.

పుష్‌డి విఫలమైనా సీఎండీ ఆగిపోకుండా తరవాతి వరుసకు వెళ్లిపోతుంది. అందుకే అదే వరుస చివర రెండు నిలువు గీతలు, వాటి పక్కన ఎగ్జిట్ స్లాష్ బి రాయండి. ఫోల్డరులోకి వెళ్లలేకపోతే ఫైలు అక్కడితో ఆగిపోతుంది, డెల్ దాకా పోదు. ఫైళ్లను కాపీ చేయడానికి విండోస్‌లోని రోబోకాపీ ఆదేశం వాడేవారు మరొకటి గమనించాలి. పైన చెప్పిన సంకేతం చివర బ్యాక్‌స్లాష్ ఉంటుంది. దాని వెంటనే కోట్ వస్తే రోబోకాపీ ఆ కోటును కూడా పేరులో భాగంగా చదివి తప్పు చూపిస్తుంది. పుష్‌డి తరవాత మూలం స్థానంలో ఒక చుక్క పెడితే చాలు, చుక్క అంటే ప్రస్తుత ఫోల్డరు.

సీఎండీ చేసే యుఎన్‌సి తనిఖీని రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులను ఉంచుకునే చోట) ఆపేసే మార్గం ఉంది కానీ, ప్రతి యంత్రంలో విడిగా మార్చుకోవలసిన దాన్ని నేను సూచించను.

ప్రశ్న: మా బడి ఆఫీసులో నలుగురం ఒకే బ్యాచ్ ఫైలును షేర్ నుంచి నడుపుతాం. నేను దాన్ని నోట్‌ప్యాడ్‌లో సవరించి సేవ్ చేయగానే మిగతావారి తెరలమీద అర్థం లేని సగం మాటలతో ఎర్రర్లు వస్తున్నాయి. వైరస్ అయి ఉంటుందా?
- ఒక పాఠకురాలు, ఉప్పల్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది వైరస్ పని కాదు. సీఎండీ బ్యాచ్ ఫైలును ఒకేసారి మొత్తం చదివి పెట్టుకోదు. ఒక ఆదేశం అయ్యాక ఫైలును మళ్లీ తెరిచి, ఇంతకుముందు ఎన్ని బైట్లు చదివిందో అక్కడినుంచి కొనసాగిస్తుంది. మీరు పైన ఒక వరుస చేర్చగానే తరవాతి వరుసలన్నీ ఇంకా కిందికి జరుగుతాయి. సీఎండీ మాత్రం పాత స్థానం నుంచే చదువుతుంది కాబట్టి ఏ మాట మధ్యలోనో పడుతుంది. ఆ ముక్క ఒక్కోసారి నిజమైన ఆదేశమే కావచ్చు, అప్పుడు ఎర్రరు కూడా రాకుండా జరగకూడనిది జరుగుతుంది.

షేర్‌లో రెండు మూడు వరుసల చిన్న ఫైలు ఒకటి పెట్టి, అది అసలు ఫైలును నడిపేవారి టెంప్ ఫోల్డరులోకి కాపీ చేసి అక్కడినుంచి నడిపేలా చేయండి. ఆ చిన్న ఫైలును మార్చే అవసరం రాదు, అసలు ఫైలును మీరు ఎప్పుడైనా సవరించుకోవచ్చు. అయితే అప్పుడు పై జవాబులోని సంకేతం టెంప్ ఫోల్డరును చూపుతుంది కనుక షేర్ చిరునామాను ఆర్గ్యుమెంటుగా, అంటే అసలు ఫైలును నడిపే ఆదేశంలో దాని పేరు పక్కనే రాసి పంపాలి.

ప్రశ్న: టాస్క్ షెడ్యూలరులో (చెప్పిన వేళకు పనులను దానంతటదే నడిపే విండోస్ ప్రోగ్రాం) రాత్రికి పెట్టిన బ్యాకప్, పగలు చేతితో నడిపితే వస్తుంది, రాత్రి రాదు. ఎస్ డ్రైవ్ దొరకలేదంటుంది.
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: డ్రైవ్ అక్షరం మీ లాగిన్‌కు చెందినది, కంప్యూటరుకు కాదు. మీరు లాగిన్ కానప్పుడు నడిచే టాస్క్‌కు ఎస్ అనేదే ఉండదు, కాబట్టి ఫైలులో యుఎన్‌సి చిరునామానే పూర్తిగా రాయండి. సిస్టం అకౌంటుతో (విండోస్ తన సొంత పనులకు వాడుకునే అకౌంటు) నడపకండి. డొమైన్ (అన్ని కంప్యూటర్ల లాగిన్‌లను ఒకేచోట నిర్వహించే ఏర్పాటు) లేని చిన్న ఆఫీసుల్లో సర్వరు దాన్ని గుర్తించదు. సర్వరులో కూడా అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఉన్న యూజరును టాస్క్‌కు ఇవ్వండి. పాస్‌వర్డ్ నిల్వ చేయవద్దన్న గడిలో టిక్ ఉంటే తీసేయాలి. అది ఉంటే టాస్క్‌కు నెట్‌వర్క్ అందదు. రాత్రి ఏం జరిగిందో పొద్దున చూసుకోవడానికి వచ్చే సందేశాలన్నీ ఒక ఫైలులోకి మళ్లించండి, ఆ ఫైలు మాత్రం షేర్‌లో కాక అదే కంప్యూటరులోని డ్రైవ్‌లో ఉండాలి.