మున్సిపల్ ఆఫీసుకి సెలవైతే ఫైరింజన్ రాదా?
దీపావళికి మున్సిపాలిటీ మూసేస్తారు కదా, ఆ రోజు నిప్పంటుకుంటే ఎవరొస్తారు అని అడిగారు. వస్తారండీ, డౌటే లేదు. మన ఏపీ, తెలంగాణల్లో ఫైర్ స్టేషన్ అసలు మున్సిపాలిటీ కిందకి రాదు, అది రాష్ట్ర ప్రభుత్వ డిపార్ట్‌మెంట్, ముంబైలో అయితే కార్పొరేషన్‌దే, అందుకే చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. సెలవంటే మూసేది బర్త్ సర్టిఫికెట్, ఇంటి పన్ను లాంటి కౌంటర్లే. స్టేషన్‌లో షిఫ్టుల మీద 24 గంటలూ మనుషులుంటారు, పైగా దీపావళి రాత్రి వాళ్ళకి మామూలు కంటే ఎక్కువ పని.

101కి కొట్టండి, లేదా 112, అంబులెన్స్‌కి 108. ఫోన్ చేయగానే కంగారులో "త్వరగా రండి" అని అరిచి పెట్టేయకుండా ఏరియా, దగ్గర్లో గుడో వాటర్ ట్యాంకో ఏదుంటే అది, ఏది కాలుతోంది, లోపల ఎవరైనా ఉన్నారా, సిలిండర్ ఉందా, ఇవి చెప్పాలి. ఆ లోపు ఎవరినైనా సందు మొదట్లో నిలబెట్టి అడ్డంగా ఉన్న కార్లు తీయించండి, పండగ రోజు చుట్టాల కార్లతో సందులన్నీ బ్లాకే, బండి ఆగేది అక్కడే.

ఇన్సూరెన్స్‌కి ఫైర్ వాళ్ళ రిపోర్టు కావాలంటే మాత్రం వర్కింగ్ డే దాకా ఆగాల్సిందే.