తమ్మీ, ఫ్లాటెన్ కొట్టే ముందు ఒక్క మాట

తమ్మీ,

నువ్వు పంపిన రూబీ ప్రోగ్రాం చూశాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి లెక్కల మీద ప్రాక్టీస్ చేయడం మంచిగనే ఉంది. కానీ మండలంలో రైతులు, రైతు కింద లాట్లు (ఒక రకం, దాని బస్తాలు), వాటికోసం ఒకదాంట్లో ఒకటి మూడు ఈచ్ లూపులు (ఒక్కోదాన్నీ వరసగా తిప్పేవి), బయట ఒక ఖాళీ అర్రే (విలువల జాబితా), లోపల్నుంచి దాంట్లోకి పుష్ (చేర్చడం)... ఇంత చేసినా నీ రిపోర్టులో ఒక వరుస అంటే రైతా, లాటా అన్నది ఎక్కడా కనబడదు. ముందు అది తేల్చుకో.

రెండోసారి లూపులన్నీ పీకేసి చివర్న, అర్రేలోని అర్రేలను విప్పి ఒకటే అర్రే చేసే ఫ్లాటెన్ కొట్టావు చూడు, అది ఇంకా డేంజర్. ఎన్ని పొరలో చెప్పకపోతే అది ఉన్న పొరలన్నీ ఒలిచేస్తుంది. నీ లాట్ కూడా అర్రేనే కదా. [తేజ, 12], [వండర్‌హాట్, 8] అని ఉన్నవి కాస్తా [తేజ, 12, వండర్‌హాట్, 8] అయిపోతాయి, రైతు ఎవరో, మండలం ఏదో పత్తా ఉండదు. పైగా లోపల హ్యాష్ (ఒక్కో పేరుకు ఒక్కో విలువ జతచేసి పెట్టేది) ఉంటే దాని జోలికే పోదు.

ఫ్లాట్‌మ్యాప్ వాడు. అది మ్యాప్ చేసి, అంటే ఒక్కోదాన్నీ బ్లాకుకు (నువ్విచ్చే కోడ్ ముక్కకు) ఇచ్చి వచ్చినవన్నీ అర్రేగా పేర్చి, ఒక్క పొరే విప్పుతుంది. మండలాల మీద ఒక ఫ్లాట్‌మ్యాప్, ఆ బ్లాకులో రైతుల మీద ఇంకోటి, అట్టడుగున లాట్ల మీద మామూలు మ్యాప్. ఆ అడుగున ఉన్నప్పుడు పై బ్లాకుల్లోని మండలం, రైతు రెండూ చేతికి అందుతాయి కాబట్టి వరుస అక్కడే కట్టెయ్: మండలం సంగెం, రైతు ఫలానా, రకం తేజ, బస్తాలు 12, అన్నీ ఒక హ్యాష్‌లో. హ్యాష్ ఎందుకంటే, అడుగున పొరపాటున ఫ్లాట్‌మ్యాప్ రాసినా అది చెక్కుచెదరదు.

ఇదీ ఒకదాంట్లో ఒకటే కదన్నా అంటావు. అవును, డేటాలో ఉన్న పొరలు కోడ్‌లో కనబడితే తప్పేంటి? ఇక్కడ ప్రతి బ్లాకూ ఒక విలువ ఇస్తుంది, బయటి అర్రేను ఎవరూ ముట్టుకోరు. అందుకే లోపలి ముక్కను మెథడ్‌గా (పేరు పెట్టి పిలుచుకునే కోడ్‌గా) తీసి ఒక్క రైతుతో టెస్ట్ చేసుకోవచ్చు.

ఆ రోజు సరుకు తేని రైతు సంగతి మాత్రం మర్చిపోకు. బ్లాకు నిల్ (ఏమీ లేదనే విలువ) ఇస్తే ఆ నిల్ వరుసల మధ్యలో అట్లనే కూర్చుంటుంది. ఖాళీ అర్రే ఇస్తే ఆ రైతు చప్పుడు లేకుండా మాయమైపోతాడు, ఏ ఎర్రరూ రాదు. లాట్ల రిపోర్టుకు అది కరెక్టే. ఎవరు రాలేదో చూసే రిపోర్టుకైతే తప్పు, అక్కడ సున్నా బస్తాల వరుస నువ్వే ఇవ్వాలి.

వరుసలు చేతికొచ్చాక రైతుల వారీ మొత్తానికి గ్రూప్‌బై (రైతు పేరు మీద గుంపులు కట్టేది), ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మ్ వాల్యూస్‌లో (ఒక్కో గుంపునూ మార్చేది) సమ్ (కూడేది) చాలు, ట్రాన్స్‌ఫార్మ్ వాల్యూస్, సమ్ రెండూ రూబీ 2.4 నుంచి ఉన్నాయి. రెడ్యూస్‌లో (ఒక్కోదాన్నీ కలుపుకుంటూ పోయేది) మర్జ్ (రెండు హ్యాష్‌లు కలిపి కొత్తది ఇచ్చేది) పెట్టి స్టైల్ కొట్టకు. చుట్టు చుట్టుకూ మొత్తం హ్యాష్ కాపీ అవుతుంది, రైతులు పెరిగేకొద్దీ నత్తనడకే.

కోడ్ మార్చి పంపు. టెస్ట్ డేటాలో లాట్లు లేని రైతునొకణ్ణి, రైతులే లేని మండలం ఒకటి తప్పకుండా పెట్టు.