అమ్మ మాత్రలు కాదు, నాన్న పళ్లు చూడండి

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. పాలపళ్లు వచ్చినప్పుడే పసుపుగా, గరుకుగా ఉండేవి, అరిగి అరిగి సగమే మిగిలాయి. ఎలాగూ ఊడిపోయేవే కదా అనుకున్నాం. ఇప్పుడు కొత్త పళ్లూ అలాగే వస్తున్నాయి, చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోందని ఏడుస్తాడు. మా ఆయన పళ్లు చిన్నప్పటి నుంచీ ఇంతేనట, మామగారికి నలభై ఏళ్లకే కట్టుడుపళ్లు. మా అత్తగారేమో నేను కడుపుతో ఉన్నప్పుడు మాత్రలు ఎక్కువ మింగానని నన్నే అంటారు. ఊళ్లోవాళ్లు మేనరికం వల్ల అంటున్నారు. ఏది నిజం? – ఒక తల్లి, పలమనేరు

జవాబు: అమ్మా, మీ అత్తగారు మీ కడుపులో వెతుకుతున్న కారణం, మీరు రాసినదాన్ని బట్టి, ఆవిడ కొడుకు నోట్లోనే ఉన్నట్టుంది. పాలపళ్లూ, వాటి తర్వాత వచ్చేవీ, ముందువీ దవడవీ అన్నీ ఒకేలా ఉండి, తండ్రికీ తాతకీ అదే ఉందంటే, మేం మొదట అనుమానించేది వంశంలో వచ్చే ఎనామిల్ (పంటి మీది గట్టి పైపొర) లోపాన్నే. అమెలోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అని నోరు తిరగని పేరు. ఎనామిల్‌ని కట్టే జన్యువుల్లో ఏదో ఒకటి తేడాగా ఉండటంతో ఆ పొర పలచగానో మెత్తగానో తయారవుతుంది. మామూలు ఎనామిల్ బరువులో 96 శాతం ఖనిజమే, ఒంట్లో ఎముక కూడా అంత గట్టిది కాదు. అది గట్టిపడకపోతే ఒక నిప్పట్టు కొరికినా పెచ్చు లేస్తుంది.

మాత్రల సంగతి. టెట్రాసైక్లిన్ రకం యాంటీబయాటిక్ గర్భం చివరి నెలల్లో వాడితే బిడ్డ పాలపళ్లకు రంగు పట్టే మాట నిజమే. కానీ మీవాడికి ఇప్పుడు వస్తున్న పళ్ల ఎనామిల్ దాదాపు అంతా వాడు పుట్టాకే తయారైంది. పైగా మీరు మింగిన మాత్ర మీ మామగారి పళ్లను ఎలా పాడుచేస్తుంది చెప్పండి. (ఈ వాక్యం మీ అత్తగారికి చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.)

మేనరికం అంటే, తల్లికీ తండ్రికీ పళ్లు బాగానే ఉండి, ఇద్దరి నుంచీ ఒకే లోపం కలిసి బిడ్డలో బయటపడే రకం ఒకటుంది, దానికి మేనరికం తోడవుతుంది. మీ ఇంట్లో తాత, తండ్రి, కొడుకు వరసగా కనిపిస్తోంది కాబట్టి ఒక్కరి నుంచి వస్తే చాలే రకమే అయ్యుండొచ్చు. అలాగైతే పుట్టబోయే ప్రతి బిడ్డకూ బొమ్మా బొరుసు లాగే, సగం అవకాశం.

ఒక్కటి గమనించండి. పళ్లు పసుపుగా కాకుండా నీలం, గోధుమ కలిసిన రంగులో గాజులా మెరుస్తుంటే లోపం ఎనామిల్‌లో కాదు, దాని కింది డెంటిన్‌లో. అలాంటప్పుడు చిన్న దెబ్బకే ఎముక విరగడం, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండటం ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

పెద్దయ్యాక చూద్దాంలే అని మాత్రం ఆగకండి. ఎనామిల్‌ని కట్టే కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి, ఇక ఏ టానిక్కూ ఏ కాల్షియం మాత్రా దాన్ని తిరిగి పెంచలేవు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే. దవడ పళ్లు పూర్తిగా వచ్చాక వాటికి స్టీలు క్యాపులు, ముందు పళ్లకు పంటి రంగు ఫిల్లింగు, జివ్వుమనకుండా ఫ్లోరైడ్ వార్నిష్. పింగాణీ క్యాపులు పద్దెనిమిదేళ్ల తర్వాత చూడొచ్చు. పిల్లల పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే తీసి రకం తేలుస్తారు. డబ్బు ఇబ్బందైతే డెంటల్ కాలేజీకి వెళ్లండి, బయటికంటే తక్కువలో అవుతుంది. మీ ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, ఆయన నోరు చూస్తే డాక్టరు పని సగం తగ్గుతుంది.

ప్రశ్న: మాది పీలేరు దగ్గర పల్లె. నాకూ అక్కకూ ముందు పళ్ల మీద సున్నం పూసినట్టు చారలు, మధ్యలో కాఫీ రంగు మచ్చలు. తమ్ముడు పుట్టక ముందే తిరుపతి వచ్చేశాం, వాడి పళ్లు మల్లెమొగ్గలే. మాదీ వంశంలో వచ్చిందేనా? బొగ్గుపొడి, నిమ్మకాయ, ఉప్పు అన్నీ రుద్దాను. పెళ్లిచూపులంటే టెన్షన్‌గా ఉంది. – డిగ్రీ విద్యార్థిని, తిరుపతి

జవాబు: మీ తమ్ముడే జవాబు తల్లీ. అమ్మానాన్నలు వాళ్లే, మారింది నీళ్లు. ఇది దాదాపు ఖాయంగా ఫ్లోరోసిస్, మనవాళ్లు గార పళ్లు అని సరిపెట్టేసేది. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అంతకు మించిన బోరు నీళ్లు ఎనిమిదేళ్ల లోపు తాగితేనే పళ్ల మీద మచ్చ పడుతుంది, ఆ తర్వాత పళ్లకు ఏమీ కాదు (ఎముకల సంగతి వేరు). మన దేశంలో ఈ జబ్బును మొదట బయటపెట్టింది మన పక్కనే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో.

ముందు ఆ నిమ్మకాయ ఆపండి. పులుపు ఎనామిల్‌ని కరిగిస్తుంది, బొగ్గు గీరేస్తుంది, మచ్చ మాత్రం అక్కడే ఉంటుంది. మచ్చ పైపైన ఉంటే డాక్టరు మైక్రో అబ్రేషన్ అని పలచగా అరగదీసి, తర్వాత బ్లీచింగ్ చేస్తారు, చాలామందికి అంతటితో సరిపోతుంది. లోతుగా ఉంటేనే వెనీర్లు, అంటే పంటి ముందువైపు అంటించే పలచటి పెంకులు. ఊళ్లో మీ చుట్టాల పిల్లలుంటే ఆ బోరు నీళ్లు పరీక్ష చేయించమనండి, కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: నాకు 61. ఎడమవైపు పళ్లకు చిగురు అంచున గంట్లు పడ్డాయి, కాఫీ తాగితే లాగుతోంది. మా నాన్నకూ ఇలాగే ఉండేది. – రిటైర్డ్ ఉద్యోగి, చిత్తూరు

జవాబు: అయ్యా, మీకు మీ నాన్నగారి నుంచి వచ్చింది పళ్లు తోముకునే పద్ధతి అయ్యుంటుంది. గట్టి బ్రష్షుతో, పళ్లపొడితో అడ్డంగా రుద్దితే పడే గంట్లివి. ఫిల్లింగు పెట్టించుకుని మెత్తటి బ్రష్షుకు మారండి. ఎడమవైపే ఎక్కువెందుకంటే, మీది కుడిచేతివాటం అయ్యుంటుంది.