విల్లుకి కట్టే నరాల నారి (వింటి తాడు) బలం ఎలా చూడాలి?

ప్రశ్న: మేం కొలరాడోలో ఉంటాం. పాతకాలం పద్ధతిలో చెక్క విల్లు చేయడం నేర్చుకుంటున్నా. వేటకెళ్ళే ఫ్రెండ్ ఒకాయన ఎల్క్ (పెద్ద జాతి జింక) వెన్ను నరాలు (కండని ఎముకకి పట్టి ఉంచే గట్టి పోగులు, ఇంగ్లీషులో సిన్యూ) ఇస్తే ఆరబెట్టి, పోగులు చీల్చి, మూడు పేటలు పురిపెట్టి నారి చేశాను. విల్లు 40 పౌండ్లది, అంటే పూర్తిగా లాగడానికి అంత బలం కావాలి. చేత్తో లాగితే గట్టిగానే ఉంది, ఎక్కించేయొచ్చా?

జవాబు: అప్పుడే వద్దండీ. చేత్తో లాగడం టెస్ట్ కాదు, బాణం వదిలిన క్షణంలో నారి మీద పడే లోడు 40 పౌండ్లకంటే చాలా ఎక్కువ, అందుకే కనీసం 4 రెట్లు ఓర్చే నారి కట్టమంటారు, అంటే మీకు 160 పౌండ్లు, దాదాపు 73 కేజీలు. నారి తెగితే విల్లు కూడా విరిగిపోవచ్చు, ముక్కలు మొహానికి తగలొచ్చు.

తెగేదాకా టెస్ట్ చేయాల్సింది మాత్రం వాడబోయే నారిని కాదు. అవే నరాలతో, అదే మందంలో ఒక్క పేట శాంపిల్ చేయండి, అందులో పోగుల అతుకులు కూడా ఉండాలి ఎందుకంటే బలహీనత ఎక్కువగా అక్కడే ఉంటుంది. పూర్తిగా ఆరాక పైన నున్నటి గుండ్రటి కర్రకి నాలుగైదు చుట్లు చుట్టి కట్టండి (ముడి మీదే బరువు పడితే ముడి దగ్గరే తెగుతుంది, నరం సంగతి తెలీదు), కింద బకెట్ వేలాడదీసి ఇసుక నెమ్మదిగా పోస్తూ వెళ్ళండి. 20 లీటర్ల బకెట్ నిండా పొడి ఇసుకంటే 30 కేజీలు దాకా వస్తుంది, ఒక్క పేట అది ఓర్చుకుని కాసేపు నిలబడితే మూడు పేటలకి ఆశ ఉన్నట్టే, కానీ పురిలో కొంత బలం పోతుంది కాబట్టి అచ్చంగా మూడింతలు లెక్కేసుకోకండి. కాళ్ళు బకెట్ కింద పెట్టొద్దు, కళ్ళద్దాలు పెట్టుకోండి.

తెగిన కొస తప్పకుండా చూడండి. పోగులు చిందరవందరగా చీలి తెగితే నరం తన బలం మేరకు పనిచేసినట్టు, నున్నగా జారి బయటికొచ్చేస్తే అతుకు చాలలేదు, అతుకులు ఒకేచోట పడకుండా ఎడంగా వేసి మళ్ళీ పురిపెట్టండి. మరీ తక్కువ బరువుకే తెగితే నరాన్ని బాగా వేడి నీళ్ళలో నానబెట్టారేమో గుర్తు చేసుకోండి, వేడికి నరం ముడుచుకుపోయి బలం పోతుంది.

ఇంకో శాంపిల్ తడిపి కూడా చూడండి, నరం తడిస్తే మెత్తబడి సాగుతుంది. ఉత్తర ధ్రువం వైపు ఉండే ఇన్యూట్ అనే ఆదివాసీ ఆడవాళ్ళు కారిబూ (అక్కడి మంచు జింక) నరంతో బూట్లు కుడతారు, అక్కడ తడికి దారం ఉబ్బి సూది కన్నం మూసుకోవడం లాభం, విల్లుకి మాత్రం అదే నష్టం, అందుకని నారికి కొవ్వో మైనమో రాసి, వానలో వాడకండి.