‘మలమూత్ర విసర్జన’ తప్పా?

సందేహం: మా పదో తరగతి పరీక్షలో ‘విసర్జన అంటే ఏమిటి?’ అని అడిగాను. ఒక అబ్బాయి ‘శరీరం మలమూత్రాలను బయటికి పంపడం’ అని రాశాడు. మలం విసర్జన కిందికి రాదు కాబట్టి మార్కు వేయలేదు. వాళ్ళ తాతగారు తెలుగు పండితులుగా రిటైరయ్యారు. బడికి వచ్చి ‘మలమూత్ర విసర్జన అన్న మాట ఎప్పటినుంచి తప్పయిందమ్మా?’ అని అడిగారు. ఎవరిది ఒప్పు? ఇంకో రెండు సందేహాలు. ‘మూత్రనాళం’ అంటే లోపలిదా, బయటిదా? పత్రికల్లో రెండింటికీ రాస్తున్నారు. ‘విసర్జకావయవం’, ‘విసర్జనావయవం’ – వీటిలో ఏది సరైనది?
– ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయిని, తెనాలి

సమాధానం: అమ్మా, భాష వరకు తాతగారిది పూర్తిగా ఒప్పు. పాఠం వరకు మీది ముప్పాతిక ఒప్పు.

‘విసర్జన’లో ఉన్నది సంస్కృతంలోని ‘సృజ్’ ధాతువు. వదలడం, బయటికి విడవడం దాని అర్థం. ‘సృష్టి’ కూడా అందులోంచి పుట్టిందే. ‘వి’ అనే ఉపసర్గ చేరితే విడిచిపెట్టేయడం అవుతుంది. పదం చివర రెండు సున్నాలతో రాసి, ఊపిరి విడుస్తూ పలికే ‘విసర్గ’ కూడా దీని తోబుట్టువే. మరాఠీవాళ్ళు వినాయకుణ్ణి ‘విసర్జన్’ చేస్తారు. మనం ఆ మాట జోలికి పోకుండా ‘నిమజ్జనం’ చేసుకుంటాం. కన్నడ పత్రికలు విధానసభ ‘విసర్జనె’ అయిందని నిక్షేపంగా రాస్తాయి. మన దగ్గర శాసనసభ రద్దవుతుంది తప్ప విసర్జన కాదు. తెలుగువాడి చెవికి ఆ మాట వినగానే ఒకే పని గుర్తుకొస్తుంది మరి!

అంటే, దేన్ని విడిచిపెట్టారన్నది ఈ పదంలో లేదు. దాని ముందు చేరే మాట ఆ సంగతి చెబుతుంది. మల విసర్జన, మూత్ర విసర్జన, మలమూత్ర విసర్జన – మూడూ నిర్దోషమైన సమాసాలే. బస్టాండు గోడ మీది ‘ఇచ్చట మూత్ర విసర్జన చేయరాదు’ అన్న బోర్డులో కూడా భాషాదోషం ఏమీ లేదు. దాన్ని ఎవరూ ఖాతరు చేయకపోవడానికి కారణాలు వేరు. ఇళ్ళల్లో మాత్రం ఎవరూ ఇలా అనరు. పిల్లలు ఒంటికి, రెంటికి అంటారు. పల్లెల్లో దొడ్డికి, బయటికి అంటారు. పాతకాలపు పెద్దలు అల్పాచమానం అనేవారు. డాక్టరుగారైతే ‘మోషన్ ఫ్రీగా అవుతోందా?’ అని అడుగుతారు. ‘విసర్జన’ ఎప్పుడూ బోర్డుల మాట, పుస్తకాల మాటే.

ఇక మీ పాఠం సంగతి. జీవశాస్త్రానికి ఇంత వెడల్పాటి అర్థం పనికిరాదు. నోటి నుంచి మలద్వారం దాకా మన లోపల ఉన్నది ఒకటే పొడవాటి గొట్టం. అన్నంతో పాటు తిన్న తోటకూరలో అరగని పీచు ఆ గొట్టంలో ఒక చివర ప్రవేశించి, రెండో చివర బయటపడుతుంది. అది రక్తంలో కలవలేదు, ఏ కణంలోకీ పోలేదు. యూరియా అలా కాదు. మాంసకృత్తులు విరిగినప్పుడు వెలువడే అమ్మోనియా విషం. కాలేయం దాన్ని యూరియాగా మార్చి రక్తంలోకి వదులుతుంది. అక్కడినుంచి పని కిడ్నీలది. ఒక్కో కిడ్నీలో నెఫ్రాన్లనే అతిచిన్న వడపోత గొట్టాలు సుమారు పది లక్షలుంటాయి. రెండూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. ఒంట్లో ఉండే రక్తమే ఐదు లీటర్లు, అందులో ద్రవభాగం మూడు లీటర్లు. అంటే ఆ మూడు లీటర్లనే రోజుకు 60 సార్లు వడపోస్తున్నాయన్నమాట. వడపోసినదాంట్లో నూటికి 99 వంతులు వెనక్కి లాక్కుని, మిగిలిన లీటరున్నరనో, కాస్త అటూఇటుగానో మూత్రంగా పంపిస్తాయి. మీ పుస్తకం విసర్జన అంటున్నది ఈ వేరుచేసే పనిని. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడును పంపడం కూడా ఇందులోకే వస్తుంది.

చిక్కు ఎక్కడంటే, మన పదంలో ఆ వేరుచేయడం లేదు, చివర్న వదిలేయడం మాత్రమే ఉంది. ఇంగ్లీషు ‘ఎక్స్‌క్రీషన్’కు మూలమైన లాటిన్ మాటకు జల్లించి వేరుచేయడం అని అర్థం. కిడ్నీ చేసే పనికి అది అతికినట్టు సరిపోయింది. హిందీ పుస్తకాలు ‘ఉత్సర్జన్’ అని వేరే మాట తీసుకున్నాయి. మనవాళ్ళు మాత్రం జీర్ణవ్యవస్థ పాఠంలో ‘మలవిసర్జన’ అని నేర్పి, తర్వాతి పాఠంలో ‘మలం విసర్జన కాదు’ అంటారు. పిల్లవాడు తికమకపడ్డాడంటే తప్పు వాడిదేనా? ఉత్సర్జనమో, మరొకటో మనమూ మొదట్లోనే పెట్టుకుని ఉంటే బాగుండేది. ఇన్నేళ్ళుగా పాతుకుపోయిన మాటను ఇప్పుడు మార్చమనడం వృథా.

మీకు నేను తగ్గించిన పాతిక ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఎర్ర రక్తకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది విరిగిపోయాక అందులోని హీమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థం తయారవుతుంది. అది ఒంట్లో పుట్టిన అచ్చమైన వ్యర్థం. కాలేయం దాన్ని పైత్యరసంతో కలిపి పేగులోకి వదులుతుంది. అక్కడి బాక్టీరియా దాని రూపం మారుస్తాయి. మలానికి ఆ గోధుమ రంగు దానివల్లే వస్తుంది. పైత్యం వచ్చే దారి మూసుకుపోయిన కామెర్ల రోగికి మలం సున్నంలా తెల్లబారుతుంది, దారి దొరకని బిలిరుబిన్ మూత్రంలోకి మళ్ళి దాని రంగు ముదురుతుంది. కాబట్టి ‘మలానికీ విసర్జనకీ సంబంధమే లేదు’ అని గీత గీయడం శాస్త్రానికి కూడా కుదరదు. మలంలో అరగని పీచుతో పాటు అసలైన విసర్జక పదార్థమూ ఉంది. ఆ అబ్బాయి నిర్వచనం అసంపూర్ణం, నిజమే. జీవక్రియల్లో పుట్టిన వ్యర్థాలు అన్న మాట అతని జవాబులో లేదు. అయినా సున్నా వేయదగ్గ జవాబు కాదు. నేనైతే అర మార్కు వేస్తాను.

అసలు ‘మలం’ అర్థం కూడా కుంచించుకుపోయిందే. సంస్కృతంలో అది ఏ మురికికైనా చెల్లుతుంది. నిర్మల, విమల అనే చక్కని పేర్లలో లేదని చెబుతున్నది ఈ మలాన్నే. ఆయుర్వేదం పురీషం, మూత్రం, స్వేదం మూడింటినీ మలాలనే అంటుంది. ఆ లెక్కన చూస్తే ‘మలమూత్రాలు’ అనడమే కొంచెం అదనం. కానీ వాడుకలో స్థిరపడిన జంటపదం, దాన్ని విడదీయనక్కర్లేదు.

మూత్రనాళం దగ్గర మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే రెండు గొట్టాలు మూత్రనాళాలు. ఒక్కొక్కటి పాతిక, ముప్పై సెంటీమీటర్లుంటుంది. మూత్రాశయం నుంచి బయటికి తెచ్చేది ప్రసేకం. మగవాళ్ళలో సుమారు 20 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో నాలుగే. ఆడవాళ్ళకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎక్కువగా రావడానికి ఈ పొట్టిదనం ఒక పెద్ద కారణం. ‘ప్రసేకం’ పలకడానికి కొరుకుడుపడదు గానీ పాత మాటే. రాళ్ళకు శస్త్రచికిత్స చేసేటప్పుడు కోతపడకుండా కాపాడుకోవలసిన భాగాల్లో ‘మూత్రప్రసేకం’ ఒకటని సుశ్రుత సంహిత చెబుతుంది. ‘అభిషేకం’లో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది. పత్రికలవాళ్ళు ‘మూత్రనాళంలో రాయి’ అన్నప్పుడు సాధారణంగా పైదాన్ని, ‘మూత్రనాళంలో గొట్టం వేశారు’ అన్నప్పుడు కిందిదాన్ని, ‘మూత్రనాళ ఇన్ఫెక్షన్’ అన్నప్పుడు కిడ్నీ మొదలు చివరిదాకా మొత్తం మార్గాన్ని ఉద్దేశిస్తున్నారు. మూడోదాన్ని ‘మూత్రమార్గ ఇన్ఫెక్షన్’ అంటే సరిపోతుంది. ప్రసేకం పాఠకులకు తెలియదనుకుంటే ‘మూత్రద్వారం గుండా’ అని రాసినా అర్థమవుతుంది. కిడ్నీని మూత్రపిండం అన్నా, వృక్కం అన్నా, కిడ్నీ అనే ఉంచినా పేచీ లేదు. తెలుగు బైబిలు ‘మూత్రగ్రంథులు’ అంది. హైదరాబాదులో మాంసం కొట్టుకు వెళితే అది గుర్దా.

ఆఖరి ప్రశ్నకు జవాబు చిన్నదే. విసర్జించేది ‘విసర్జకం’, విసర్జించడం ‘విసర్జనం’. విసర్జించే అవయవం కాబట్టి విసర్జకావయవం, విసర్జన కోసం ఉన్న అవయవం కాబట్టి విసర్జనావయవం. రెండూ సాధువులే. పుస్తకంలో మొదటిది ఉంటే పిల్లలకు అదే చెప్పండి, రెండోది రాసినవాళ్ళకు మార్కు కోయకండి.