ఫ్యాన్ జైన్‌కు దరఖాస్తు పెడుతున్న తమ్ముడికి

నరసాపురం

చిరంజీవి తమ్ముడికి, అక్క ఆశీస్సులు.

రాజోలు నుంచి నువ్వు రాసిన ఉత్తరం అందింది. అభిమానులు తమకిష్టమైన పాత్రల మీద కథలు, బొమ్మలు కూర్చి సొంతంగా తెచ్చే పుస్తకాలు, అంటే ఫ్యాన్ జైన్‌లు, రెండింటికి దరఖాస్తు పెడితే రెండింటిలోనూ చోటు దొరకలేదని, మూడోదానికి గడువు దగ్గర పడుతోందని, ఈసారి కూడా కాదంటే నీ రాతలోనే సత్తువ లేదనుకోవలసి వస్తుందని రాశావు. నువ్వు పంపిన కథలన్నీ చదివాను. ఆ తర్వాత నీ రెండు పాత దరఖాస్తులూ ముందు పెట్టుకుని నిదానంగా చదివాను. కథల్లో నాకు స్పష్టంగా కనిపించిన మనిషి ఆ దరఖాస్తుల్లో ఎక్కడా కనిపించలేదు. అందుచేత ఈ ఉత్తరంలో కథలెలా రాయాలో చెప్పడం లేదు, దరఖాస్తు ఎలా రాయాలన్నదే చెబుతున్నాను.

మా అమ్మ లేసు అల్లేది. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో ఈ పని ఎలా సాగుతుందో నీకూ కొంత తెలిసే ఉంటుంది. ఒక ఇంట్లో పువ్వులు అల్లుతారు, మరో ఇంట్లో అంచు అల్లుతారు, అవన్నీ అతుకుపని చేసే ఆవిడ దగ్గరికి చేరితే ఆవిడ వాటిని ఒక్కటిగా కలిపి టేబుల్‌క్లాత్ చేస్తుంది. అతుకుపని చేసే ఆవిడ ముందు వంద పువ్వులు పోస్తే ఆవిడ మొదట చూసేది అందం కాదు. అన్నీ ఒకే నూలుతో, ఒకే కొలతకు వచ్చాయా, అల్లిక మరీ బిగువుగానో మరీ వదులుగానో లేదు కదా అన్నది చూస్తుంది. ఎంత ముచ్చటైన పువ్వయినా వదులుగా అల్లితే పక్క పువ్వుల మధ్య పరుచుకోదు, అందుకని పక్కన పెట్టేస్తుంది. జైన్ నిర్వాహకులు చేసేది సరిగ్గా అతుకుపనే. గత కొన్నేళ్ళలో మూడు జైన్‌లకు రచనలు ఎంపిక చేసే బాధ్యత నాకు వచ్చింది కనుక ఈ మాట అనుభవంతోనే చెబుతున్నాను. ఉన్న స్థానాలకు ఎన్నో రెట్లు దరఖాస్తులు వస్తాయి, బాగా రాసేవారు వాటిలో చాలామందే ఉంటారు, అప్పుడు మేము వెతికేది ఈ పుస్తకంలో ఇమిడే రచన ఎవరిది, చెప్పిన రోజుకు అది ఎవరి దగ్గరి నుంచి వస్తుంది అన్న రెండు విషయాలనే.

కాబట్టి మొదటి పని ప్రకటన చదవడం. ఒకసారి కాదు, కాగితం మీద గుర్తులు పెట్టుకుంటూ చదువు. ఇతివృత్తం ఏమిటి, ఏ పాత్రల మీద, ఏ జంటల మీద రాయవచ్చు, ఏ వయసు పాఠకులకు, ఎన్ని పదాలు, ఎన్ని నమూనాలు, పని ఎంతవరకు వచ్చిందో నిర్వాహకులకు చెప్పవలసిన చెక్-ఇన్ తేదీలు ఎప్పుడెప్పుడు అన్నవన్నీ అందులోనే ఉంటాయి. నువ్వు మొదట దరఖాస్తు పెట్టిన జైన్ ఇతివృత్తం పాత్రల రోజువారీ జీవితం, వంటిల్లు, భోజనం. నువ్వు పంపిన మూడు నమూనాలూ మరణం చుట్టూ తిరిగేవే. అవి నిజంగా మంచి కథలే. అయితే వాటిని చదివినవారికి నువ్వు ఇద్దరు స్నేహితులు అన్నం తింటూ మాట్లాడుకునే సన్నివేశం రాయగలవా లేదా అన్నది తెలిసే దారి లేదు. తెలియనప్పుడు వాళ్ళు తెలిసినవారినే ఎంచుకుంటారు, అందులో వాళ్ళ తప్పు లేదు.

నమూనాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దరఖాస్తులో సగానికి పైగా బలం అక్కడే ఉంది. రెండో దరఖాస్తులో నువ్వు ఒక పెద్ద కథకు లింక్ ఇచ్చి, పక్కన “నాలుగో అధ్యాయం నుంచి బాగుంటుంది” అని రాశావు. అలాంటప్పుడు నాలుగో అధ్యాయాన్నే విడిగా తీసి, అంతకు ముందు ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పి పంపాలి. చదివేవారికి ఆ రాత్రి ఇంకా ఎన్నో దరఖాస్తులు మిగిలి ఉంటాయి, తొలి పేజీలో పట్టుకోని రచనను నాలుగో అధ్యాయం దాకా ఓపికగా చదవమని అడగడం న్యాయం కాదు. జైన్‌లో ఒక్కో కథకు మామూలుగా 1,000 నుంచి 2,000 పదాల దాకానే చోటు ఉంటుంది కనుక, ఆ నిడివిలో మొదలై ఆ నిడివిలోనే ముగిసిన కథ ఒకటైనా నీ నమూనాల్లో ఉండి తీరాలి. ముగించడం వచ్చినవాడని అది ఒక్కటే చెబుతుంది. మిగతా రెండూ ఒకదానికొకటి భిన్నంగా ఉండనీ, ఒకటి సంభాషణ మీద నడిచేది, ఒకటి నిశ్శబ్దంగా సాగేది. అసంపూర్ణమైనవీ, ఇంకొకరితో కలిసి రాసినవీ పంపకు. రెండేళ్ళ కిందటి రాత ఎంత పేరు తెచ్చినా ఇప్పటి నీ చేతిని అది చూపించదు.

ఇక నీ దగ్గరున్న ఒక కథ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నీ అభిమాన ధారావాహికలోని ఇద్దరు కుర్రాళ్ళను తీసుకొచ్చి సఖినేటిపల్లి రేవులో నిలబెట్టి, రేవు దాటించే చివరి పంటు తప్పిపోయినందుకు రాత్రంతా వశిష్ఠ గట్టున కూర్చోబెట్టిన కథ. అది విదేశాల వారికి అర్థం కాదని దాచుకున్నానని రాశావు. తమ్ముడూ, నీ కథలన్నిటిలోకీ అదే మొదట పంపవలసినది. ఊరు మారింది, భాష మారింది, పైన స్కూటర్లు ఎక్కించుకునే పంటు వచ్చింది, అయినా ఆ ఇద్దరిలో ఒకడు కోపాన్ని మాటల్లో కాక తన సంచి సర్దుకోవడంలో చూపించే తీరు మాత్రం మూలంలో ఎలా ఉందో అలాగే ఉంది. పాత్రను పాత్రగా పట్టుకున్నావా లేదా అని చూసే నిర్వాహకులకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి? పంటు అంటే ఏమిటో ఒక్క వాక్యంలో కథలోనే తెలిసేలా చెయ్యి, ఆ పదాన్ని మాత్రం మార్చకు. ఒకవేళ ప్రకటనలో నమూనాలు కూడా మూల కథాప్రపంచంలోనే ఉండాలని స్పష్టంగా రాసి ఉంటే అప్పుడు దాన్ని ఆపు. నువ్వు పంపిన ప్రకటనలో నాకు అలాంటి నియమం కనిపించలేదు.

“ఈ జైన్‌లో ఎందుకు చేరాలనుకుంటున్నారు?” అన్న ప్రశ్నకు నువ్వు రెండుసార్లూ చిన్నప్పటి నుంచి రాయడమంటే ప్రాణమని జవాబిచ్చావు. అది నిజమే, కానీ దరఖాస్తు పెట్టిన ప్రతివారికీ అదే నిజం. మరొకరెవరూ రాయలేని జవాబు రాయాలి. ఉదాహరణకు, “ఈ ధారావాహికలో బల్ల మీద కూర్చునే అదనపు ఆటగాళ్ళ గురించి కథలు చాలా తక్కువ, నేను మా కళాశాల జట్టులో రెండేళ్ళు అలాగే కూర్చున్నాను, ఆ ఎదురుచూపు మీద రాయాలని ఉంది” అన్నావనుకో, మూడు ముక్కల్లో నీ ఆసక్తి, నీ అనుభవం, నీ కథ కూడా వాళ్ళ చేతికి అందాయి. అనుభవం గడిలో “నాకు ఏ అనుభవమూ లేదు, దయచేసి ఒక్క అవకాశం ఇవ్వండి” అని వేడుకున్నావు. వేడుకోలు చదివేవారిని ఇబ్బంది పెడుతుంది తప్ప ఏమీ తెలియజేయదు. నువ్వు మీ కళాశాలలో లిఖిత పత్రికకు సంపాదకుడిగా ఉన్నావు కదా! పదిమంది దగ్గర రచనలు రాబట్టి, దిద్ది, చేతితో రాయించి, సంక్రాంతి సెలవుల ముందు బయటికి తెచ్చినవాడికి అనుభవం లేదని ఎవరన్నారు? అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు సొంతంగా అచ్చువేసి పంచుకునే పత్రికలకు వారిలో ఒకడైన రస్ షావెనే 1940లో ఫ్యాన్‌జైన్ అన్న పేరు పెట్టాడు. ఆ పత్రికలకూ మన లిఖిత పత్రికలకూ ఉన్న చుట్టరికం దగ్గరిదే. ఉన్నది ఉన్నట్టు రాయి, ఎక్కువ చేసి మాత్రం రాయకు.

కథాసూచనలు మూడు అడిగారన్నావు. ఒక్కొక్కటి రెండు మూడు వాక్యాలు మించనివ్వకు, అయితే ముగింపు దాచకు, ఊరించడం పాఠకుల దగ్గర పనికొస్తుంది గాని నిర్వాహకుల దగ్గర కాదు. ఒకదానికొకటి దూరంగా ఉండనివ్వు, ఎందుకంటే వేరొకరు అదే ఆలోచన ఇచ్చి ఉంటే నీకు రెండోది మిగలాలి. ఇంకొక మాట. చాలా జైన్‌లలో రచయితను ఒక చిత్రకారుడితో జతచేస్తారు, కాబట్టి ప్రతి సూచనలోనూ బొమ్మగా నిలబడే ఒక దృశ్యం ఉండాలి. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ, నరసాపురంలో పుట్టిన బాపు పేర్లు విడదీసి పలకడం మన వాళ్ళకు రాదు. రాసేవాడు బొమ్మ వేసేవాడికి చోటు వదిలిపెడితే ఏమవుతుందో చూడాలంటే మనం ఈ జిల్లాలు దాటి పోనక్కరలేదు.

లింకుల విషయంలో నాకు జరిగినది చెబుతాను. నా మొదటి దరఖాస్తుకు నెల రోజులు కష్టపడ్డాను. గూగుల్ డాక్‌ను లింక్ ఉన్నవారందరూ చూడవచ్చన్న అమరికకు మార్చడం మరిచిపోయాను. వాళ్ళకు నా కథ తెరుచుకోలేదు, అనుమతి అడుగుతూ వచ్చిన మెయిల్ నేను చూసేసరికి ఎంపిక ముగిసింది. ఆ బాధ నీకు వద్దు. ప్రతి లింకునూ నీ ఖాతా నుంచి బయటికి వచ్చి, ఇన్‌కాగ్నిటో కిటికీలో, వేరే వారి ఫోన్‌లో తెరిచి చూడు. అభిమానుల కథల వెబ్‌సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో నీ కథలను సభ్యులకు మాత్రమే కనిపించేలా పెట్టుకున్నావు, దరఖాస్తు గడువు ముగిసేదాకా ఆ తాళం తియ్యి, లేదంటే కథను డాక్‌లోకి మార్చి పంపు. ఎంపిక చేసేవారికి పేరు తెలియకూడదన్న నియమం ఉంటే ఆ డాక్ పైన నీ కలం పేరు కూడా ఉండకూడదు, ఖాతా పేరు వెంట అసలు పేరు బయటపడకుండా చూసుకో.

గడువు గురించి కూడా జాగ్రత్త. అమెరికా తూర్పుతీరపు వేళ ప్రకారం రాత్రి 11:59 అంటే అక్కడి చలికాలంలో మనకు మర్నాడు ఉదయం 10:29, వేసవిలో 9:29. ఆ లెక్క చూసుకుని చివరి పూట దాకా ఆగవద్దు. మన దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, రెండు రోజుల ముందే పంపెయ్యి.

నీ తీరిక గురించి అడిగిన గడిలో “ఎప్పుడైనా సిద్ధమే” అని రాశావు. నిజానికి మార్చిలో నీకు పరీక్షలు. ఆ మాట రాసి, ఆ నెల చిత్తుప్రతిని ఫిబ్రవరి చివరికే ఇస్తానని చెప్పు. పరీక్షలున్నాయన్నందుకు ఎవరూ నిన్ను తీసివేయరు, ముందే చెప్పినవాడిని మేము ఇంకా నమ్ముతాం. కోనసీమలోని జగ్గన్నతోటకు కనుమ నాడు పదకొండు ఊళ్ళ శివుడి ప్రభలు చేరాలి. గంగలకుర్రు వాళ్ళు కౌశిక నది నీళ్ళలో దిగి భుజాల మీద మోసుకుంటూ రావలసిందే గాని మర్నాడు తెస్తామంటే కుదరదు. జైన్ అచ్చుకు వెళ్ళే రోజు కూడా అలాంటిదే. మధ్యలో నిజంగా రాయలేని స్థితి వస్తే వెంటనే చెప్పు, అలాంటి సమయాల కోసమే నిర్వాహకులు పించ్ హిట్టర్లను, అంటే తప్పుకున్నవారి బదులు రాసేవారిని, సిద్ధంగా ఉంచుకుంటారు. చెప్పి తప్పుకున్నవారిని నేను తర్వాతి జైన్‌కు ఆనందంగా తీసుకున్నాను. చెక్-ఇన్‌లకు బదులివ్వకుండా మాయమైన వారి విషయంలో అలా చేయలేకపోయాను.

మీ చెల్లెలు బొమ్మల విభాగానికి పెడుతుందన్నావు కనుక ఆమెకు ఒక నాలుగు మాటలు. విడి ముఖాలు మాత్రమే కాక, నేపథ్యం ఉన్న నిండు పేజీ బొమ్మలు రెండైనా ఉండాలి, ఎందుకంటే జైన్‌లో ఆమెకు ఇచ్చేది పేజీ. ఏ5 పేజీ 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 1748×2480 పిక్సెళ్ళు, అంచు కోతకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వేసుకోవాలి. తెర మీద మెరిసే రంగులు అచ్చుకు వాడే సీఎంవైకే రంగుల పద్ధతిలో మసకబారతాయి కనుక ముందే మార్చి చూసుకోమను. యంత్రం గీసినవి కావని చూపించమని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు, పెన్సిల్ గీతల దశ నుంచి ఫైళ్ళు దాచిపెట్టుకోమను.

దరఖాస్తు మీరు పెడుతున్నారు గాని, ఆ జైన్‌ను మీరు కూడా పరీక్షించాలి. నిర్వాహకులు ఇదివరకు ఏదైనా పూర్తిచేసి కొన్నవారికి పంపారా, డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, లాభం పంచుతారా లేక దానం చేస్తారా, రాసినవారికి ఒక ప్రతి ఉచితంగా ఇస్తారా, తర్వాత ఎన్నాళ్ళకు కథను బయట పెట్టుకోవచ్చు అన్నవి ముందే రాసి ఉండాలి. ముందస్తు కొనుగోలు డబ్బు వసూలు చేసి మూతపడ్డ ఒక జైన్‌లో నా కథ, నా స్నేహితురాలి బొమ్మ ఇరుక్కుపోయాయి. కొన్నవారికి సమాధానం చెప్పలేక మేమిద్దరం పడ్డ క్షోభ ఇప్పటికీ గుర్తే. దరఖాస్తుకు రుసుము అడిగేవారి జోలికి మాత్రం వెళ్ళనే వద్దు.

ఆదివారం లోపల కొత్త జవాబులు, మూడు కథాసూచనలు నాకు పంపు. కథలు మళ్ళీ పంపనక్కరలేదు, పంటు కథ మాత్రం రెండో పేరా తీసేసి, వాన మొదలైన వాక్యంతో ఆరంభించి పంపు. ఆ పేరాలో ఉన్నదంతా తర్వాత వాళ్ళ మాటల్లో వస్తూనే ఉంది. చెల్లెలి బొమ్మల్లో ఆ రేవు బొమ్మ ఉంటే అది కూడా జతచెయ్యి, చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
అక్క