స్కాట్లండ్ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో కాంట్రాక్ట్ వచ్చింది, చేర్పించమంటారా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా గ్లాస్గోలో స్థిరపడ్డాం. మా అబ్బాయికి 18 ఏళ్లు. ఒక పెద్ద క్లబ్బు అకాడమీలో పెరిగాడు, నిరుడు వాళ్లు వద్దన్నారు. ఇప్పుడు లీగ్ టూ (ఇక్కడి నాలుగో డివిజన్) క్లబ్బు ఒకటి ఏడాదికి పార్ట్‌టైమ్ కాంట్రాక్ట్ ఇస్తానంటోంది. ఛాంపియన్‌షిప్ (రెండో డివిజన్) క్లబ్బు ఒకటి ఫుల్‌టైమ్‌గా రిజర్వ్ జట్టులోకి, అంటే ప్రధాన జట్టు కింద ఉండే రెండో జట్టులోకి రమ్మంటోంది, దానికి వెళ్తే చదువు ఆపాలి. యూనివర్సిటీలో ఇంజినీరింగ్ సీటు చేతిలో ఉంది. కొత్త సీజన్‌లో ఈ చిన్న క్లబ్బుల్లో ఏది పైకొస్తుంది, ఏది పడిపోతుంది? రెండు ఆఫర్లనూ పోల్చి చెప్పండి. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు కూడా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ పేరుతో వచ్చి ఇలాంటి క్లబ్బులో ఆడాలనుకుంటున్నాడు.

జవాబు: పెద్ద అకాడమీ వద్దనడం మీ అబ్బాయి కంటే మిమ్మల్నే ఎక్కువ కుంగదీసినట్టుంది. ఏటా ఈ రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు నాకు వస్తూనే ఉంటాయి. క్లబ్బు భవిష్యత్తు గురించి అడుగుతారు గానీ, లోపల ఉన్న భయం వేరు: పన్నెండేళ్లు తిప్పాం, డబ్బు పెట్టాం, అంతా వృథా అయిందా అని. కాలేదండీ. అకాడమీలు వద్దనే పిల్లలే ఎక్కువ. స్కాట్లండ్ ఆటగాడు ఆండీ రాబర్ట్‌సన్‌ను చిన్నప్పుడు గ్లాస్గో పెద్ద క్లబ్బు సెల్టిక్ వదిలేసింది. 2012-13లో క్వీన్స్ పార్క్ తరఫున నాలుగో డివిజన్‌లో ఆడాడు, అప్పుడది అమెచ్యూర్ క్లబ్బు, ఆటగాళ్లకు జీతమే లేదు. 2019లో లివర్‌పూల్ తరఫున యూరప్ క్లబ్బుల పెద్ద కప్పు ఛాంపియన్స్ లీగ్ గెలిచాడు. మీవాడూ అంతవాడవుతాడని చెప్పడం లేదు. లీగ్ టూలో ఆడటం తలవంపులు కాదని చెబుతున్నాను.

ఇక ఏ క్లబ్బు పైకొస్తుందన్న లెక్క. నిజాయితీగా చెప్పాలంటే జూలైలో దానికి జవాబు ఎవరి దగ్గరా ఉండదు. లీగ్ టూలో ఉన్నవి 10 క్లబ్బులు. ఒక్కో క్లబ్బుతో నాలుగుసార్లు, మొత్తం 36 మ్యాచ్‌లు. మొదటి స్థానం వస్తే నేరుగా పై డివిజన్‌కు, 2 నుంచి 4 వరకు వస్తే పైకెళ్లే అవకాశం కోసం అదనపు మ్యాచ్‌లు, అదే ప్లేఆఫ్. చివరి స్థానం వస్తే కింది ప్రాంతీయ లీగుల నుంచి వచ్చిన క్లబ్బుతో తలపడి స్థానం కాపాడుకోవాలి. కాంట్రాక్టులు ఎక్కువగా ఏడాదివే కాబట్టి వేసవి వచ్చేసరికి సగం జట్టు మారిపోతుంది. ఆర్బ్రోత్‌నే చూడండి. ఉత్తర సముద్రం గోడకు ఆనుకుని ఉన్న గేఫీల్డ్ మైదానంలో ఆడే పార్ట్‌టైమ్ జట్టు. 2022లో ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం, 2024లో కింది డివిజన్‌కు పడిపోయింది, 2025లో లీగ్ వన్ (మూడో డివిజన్) గెలిచి మళ్లీ పైకి. 1884లో పుట్టిన స్టెన్‌హౌస్‌మ్యూర్ 2024లో గానీ తొలి లీగ్ టైటిల్ గెలవలేదు.

జట్టు బలం కంటే క్లబ్బు ఖాతా పుస్తకం మీద కన్నేయండి. గ్రెట్నా ఒక్క ధనవంతుడి డబ్బుతో దూసుకుపోయింది. 2006లో స్కాటిష్ కప్ ఫైనల్ ఆడింది, 2007లో టాప్ డివిజన్‌కు చేరింది. ఆయన మంచాన పడ్డాక డబ్బు ఆగింది, 2008లో క్లబ్బే లేకుండా పోయింది. అంత పాతది ఎందుకు, 2024-25లో ఇన్వర్నెస్, డంబార్టన్ క్లబ్బులు రెండూ అప్పులు తీర్చలేక అడ్మినిస్ట్రేషన్ (దివాలా నిర్వహణ) కిందికి వెళ్లి చెరో 15 పాయింట్లు పోగొట్టుకున్నాయి. అదే సీజన్‌లో లీగ్ టూ క్లబ్బు బానీరిగ్ రోజ్ మైదానం ఏటవాలుగా ఉందని 6 పాయింట్లు కోసేశారు. చివరికి ఆ క్లబ్బు లీగ్ టూ నుంచే జారిపోయింది. అందుకే ఒక్క యజమాని జేబు మీద బతికే క్లబ్బా, అభిమానులు, ఊరివాళ్లు వాటాదారులుగా ఉన్న క్లబ్బా అన్నది కనుక్కోండి. సింథటిక్ పిచ్ ఉంటే మంచిదే. వారమంతా పిల్లల జట్లకు అద్దెకిచ్చుకుని నాలుగు రాళ్లు సంపాదిస్తారు, చలికాలంలో మ్యాచ్‌లు వాయిదా పడటమూ తగ్గుతుంది.

ఇప్పుడు ఫుల్‌టైమ్ సంగతి. ఈ మధ్య తల్లిదండ్రులందరికీ ఆ మాట వినగానే కళ్లు మెరుస్తున్నాయి. నాకు మాత్రం అనుమానాలే ఎక్కువ. 18 ఏళ్ల కుర్రాడు రోజూ పొద్దున ట్రైనింగ్ చేసి శనివారం స్టాండ్‌లో కూర్చుంటే ఏం ఎదుగుతాడు? రిజర్వ్ జట్టు కుర్రాళ్లను అనుభవం కోసం చాలాసార్లు ఎక్కడికి లోన్ మీద (కొన్నాళ్లు అరువుగా) పంపుతారో తెలుసా? లీగ్ వన్, లీగ్ టూలకే. అంటే చదువు మాన్పించి, చుట్టూ తిప్పి, చివరికి ఇప్పుడు మీ గుమ్మంలో ఉన్న చోటికే చేరుస్తారు. ఆ కాంట్రాక్ట్ కూడా ఏడాదిదో రెండేళ్లదో. అది అయిపోయిన రోజున చేతిలో ఏముంటుంది?

పార్ట్‌టైమ్ క్లబ్బులో సాధారణంగా వారానికి రెండు సాయంత్రాలు ట్రైనింగ్, శనివారం మ్యాచ్. పక్కన ఆడేవాళ్లలో టీచర్లుంటారు, ఎలక్ట్రీషియన్లుంటారు. వాళ్లు పొద్దున పనికి వెళ్లి రాత్రి చలిలో ట్రైనింగ్‌కు వస్తారు. వాళ్ల మధ్య మీవాడు ఏ అకాడమీలోనూ నేర్వని గట్టితనం నేర్చుకుంటాడు. కష్టం లేదనను. స్ట్రాన్‌రార్ నుంచి ఎల్గిన్‌కు బస్సులో వెళ్లాలంటే ఒకవైపే ఐదు గంటల పైమాట, శనివారం మొత్తం రోడ్డు మీదే పోతుంది. జీతంతో ఇల్లు గడవదు. కానీ స్కాట్లండ్‌లో స్థిరపడ్డ పిల్లలకు మొదటి డిగ్రీ ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కడుతుంది. అలాంటి సీటును కాలదన్ని రిజర్వ్ బెంచీ మీద కూర్చోబెడతారా?

పోల్చి చెప్పమన్నారు కదా, చెప్పేశాను: చదువు, లీగ్ టూ.

మీ తమ్ముడి కొడుకు విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా గానీ, కోచ్‌గా గానీ పనిచేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. చదువయ్యాక ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాలోనూ ప్రొఫెషనల్‌గా ఆడటం కుదరదు. ఆటగాడిగా రావాలంటే ఫుట్‌బాల్ సంఘం ఆమోదం, స్పాన్సర్ చేసే క్లబ్బు రెండూ కావాలి. 2020లో రేంజర్స్ మహిళల జట్టులో చేరిన బాలాదేవి అప్పటికే భారత జట్టుకు ఏళ్ల తరబడి గోల్స్ కొట్టిన క్రీడాకారిణి. పోనీ ఆఫీసు ఉద్యోగం చేద్దామంటే, ఈ చిన్న క్లబ్బుల్లో చాలా పనులు వలంటీర్లే చేసుకుంటారు. టికెట్లు చింపేవాడూ, సోషల్ మీడియా చూసేవాడూ ఊరి అభిమానే. వర్క్ వీసాకు తగ్గ జీతం వాళ్లు ఎక్కడి నుంచి తెచ్చిస్తారు? ఇల్లు తాకట్టు పెట్టి ఆ కోర్సుకు పంపాలని మీ తమ్ముడు అనుకుంటుంటే, అక్కడే ఉన్న అన్నగా ఆపాల్సింది మీరే. మొహమాటపడితే రేపు ఆ అప్పుకు మీకూ బాధ్యత ఉంటుంది.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఇంత పెద్ద ఉత్తరంలో అబ్బాయికి ఏం ఇష్టమో ఒక్క వాక్యమైనా రాయలేదు. మ్యాచ్ అయ్యాక కారులో తప్పులు లెక్కపెట్టే తండ్రులను చాలామందిని చూశాను. ఆ అలవాటు మీకూ ఉంటే ఈ సీజన్ నుంచి మానేయండి. ఆడింది వాడు. వాడు ఫుట్‌బాల్ ఇక చాలంటే అదీ వినండి. ఆడతానంటే, లీగ్ టూ కుదరకపోయినా, సొంత ఫుట్‌బాల్ జట్టు ఉన్న స్టిర్లింగ్ యూనివర్సిటీ లాంటి చోట్లు ఉన్నాయి.

సంతకానికి ముందు మేనేజర్‌ను అబ్బాయే కలవాలి, మీరు బయట కూర్చోండి. తన స్థానంలో ఇంకెంతమంది ఉన్నారు, నిరుడు 20 ఏళ్లలోపు వాళ్లను ఎన్ని మ్యాచ్‌లలో మొదటి నుంచి ఆడించారు, గాయమైతే చికిత్స ఖర్చు ఎవరిది, జీతాలు ఎప్పుడైనా ఆలస్యమయ్యాయా అన్నవి అడగమనండి. ట్రైనింగ్ సాయంత్రాలు ఏవో తెలుసుకుని, ఆ రోజుల్లో ఇంజినీరింగ్ ల్యాబ్ ఎన్ని గంటలకు అయిపోతుందో యూనివర్సిటీని ఈ వారమే అడిగి పెట్టుకోండి.